పాత జీపు కొంటున్నారా, చక్రాల లోపలివైపు చూడకుండా డబ్బులు ఇవ్వకండి

సెకండ్ హ్యాండ్‌లో పాత డీజిల్ జీపులు చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. చక్రాల దగ్గర గ్రీజు కారుతుంటే అమ్మేవాళ్ళందరూ ఒకటే మాట చెప్తారు, "ఆయిల్ సీలు పోయిందండి, చిన్న పని" అని (గ్రీజు, ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగే ఈ సీలు). కానీ సీలు ఊరికే పోదు, ఎందుకు పోయిందో తెలిసేదాకా బేరం ఖాయం చేసుకోకండి.

నాకు అమ్మిన బ్రోకరు బండి కింద డీజిల్ కొట్టించి, వాటర్ సర్వీసింగ్ చేయించి, మొత్తం నల్లరంగు పూయించేశాడు, చుక్క మరక కూడా కనబడలేదు. కొద్దిరోజులకే ఎడమ ముందు టైరు లోపలివైపు గీతలు గీతలుగా గ్రీజు, దానికి దుమ్ము పట్టేసి, బ్రేకు కొడితే బండి కుడికి లాగేయడం. కొత్త సీలు వేయిస్తే మళ్ళీ కారింది. చివరికి విజయవాడ ఆటోనగర్లో ఒక పెద్దాయన హబ్ (చక్రం మధ్య భాగం) మొత్తం దించి చూపించారు, స్టబ్ యాక్సిల్ (హబ్ తిరిగే ఇరుసు ముక్క) మీద సీలు అంచు ఆనే చోట గోటికి తగిలేంత గాడి పడిపోయి ఉంది, లోపలి బేరింగేమో వేడికి నీలంగా తిరిగిపోయింది, ఎవరో నట్టు అతిగా బిగించేసి అలాగే తిప్పారంట. ఆ గాడి ఉన్నంతకాలం ఎన్ని సీళ్ళు మార్చినా దండగే, దానిమీద స్లీవు (పల్చటి లోహపు తొడుగు) వేయించాలి లేదా స్టబ్ మార్చాలి. బేరింగులు, గ్రీజు పీల్చిన బ్రేక్ లైనింగులు అదనం, లైనింగులు పెట్రోల్‌తో కడిగినా లాభం లేదు, వేడెక్కితే మళ్ళీ గ్రీజు కక్కుతాయి, పైగా రెండుపక్కలా కలిపే మార్చాలి. బ్రోకరు ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.

కారేది ఏంటో ముందు వేలికి రాసుకుని చూడండి. గంధకం లాంటి ఘాటు వాసనొస్తే అది గేరాయిలు. వెనక చక్రాల దగ్గర అది కనబడితే వెనక ఇరుసు హౌసింగ్ మీదున్న బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మట్టితో పూడుకుపోయిందేమో చూడండి, లోపల గాలి వేడెక్కి బయటికి దారిలేక ఆయిల్ని సీలు దాటించి నెట్టేస్తుంది, అది శుభ్రం చేయకుండా సీలు మారిస్తే మళ్ళీ అదే కథ. పల్చగా ఉండి నీళ్ళతో కడిగితే పోయేది బ్రేకాయిలు, అప్పుడు వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకు లైనింగుల్ని నెట్టే భాగం) చూడాలి.

బండి ఒక పదిహేను కిలోమీటర్లు నడిపి నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి (ముట్టుకోకండి, కాలుతుంది), ఒకటి మాత్రం బాగా వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. తర్వాత జాకీ ఎత్తి టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి, ఊగడం ఆగిపోతే బేరింగ్ ప్లే (వదులు), ఆగకపోతే కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం తిరిగే పిన్ను) వైపు చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు చేతిలో పెట్టేముందు మీ మెకానిక్‌తో ముందు చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పించండి. కూలీ మీరే ఇస్తానని చెప్పండి, అప్పటికీ వద్దంటే ఆ బండి వదిలేసి ఇంకోటి చూసుకోండి.