ట్రాకర్ ఎస్ బీకన్: మంచు కొండల్లో గుంపుగా స్నోమొబైల్ నడిపేవాళ్లకి

బ్యాక్‌కంట్రీ యాక్సెస్ కంపెనీ వాళ్ల ట్రాకర్ ఎస్ బీకన్ (మంచు చరియ కింద కూరుకుపోయినవాళ్లని వెతికే చిన్న రేడియో పరికరం; ఒకరి బీకన్ పంపే సిగ్నల్‌ని ఇంకొకరి బీకన్ పట్టుకుంటుంది) ఎలా ఉందని తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా. బాగుంది, కొనుక్కోండి. కానీ మీ ఒక్కరికే కొనుక్కుంటే లాభం లేదు, మీతో వచ్చే ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి ఉండాలి. మీ ఛాతీ మీద ఉన్న బీకన్ మిమ్మల్ని మంచులోంచి బయటికి తీయదు. పక్కవాళ్ల చేతిలో ఉన్నది, దాన్ని వాడటం వాళ్లకి వస్తే, తీస్తుంది. నేను ఈ రివ్యూ రాస్తున్నది ఆ లెక్కనే: గుంపులో అందరికంటే తక్కువ అలవాటున్న మనిషి దీన్ని ఎంత తొందరగా వాడగలరు?

మేముండేది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ పక్కన అరోరాలో. మా ఆయన, మరిది, తోటికోడలు, మా అన్నయ్య, నేను కలిసి చలికాలంలో స్టీమ్‌బోట్ ఊరి దగ్గర రాబిట్ ఇయర్స్ పాస్ (కొండ కనుమ) తూర్పు వైపుకి వెళ్తుంటాం (పడమర వైపు మోటారు బళ్లని రానివ్వరు). పాస్ ఎత్తే 9,426 అడుగులు. మన వాళ్లు చాలామంది మనాలి దగ్గర సోలాంగ్ లోయలో వెనకాల కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పే స్నో స్కూటర్ ఎక్కి ఉంటారు, మా స్నోమొబైల్ కూడా అలాంటిదే అనుకుంటారు. కాదు. ఇక్కడి మౌంటెన్ స్లెడ్ (కొండలెక్కే స్నోమొబైల్) నడుం లోతు మెత్తటి మంచులో కూడా ఏటవాలు మీదికి దూసుకుపోతుంది. నడిచి ఎక్కడానికి పూట పట్టే చోటికి నిమిషాల్లో చేరతాం. కొండ ఎలా ఉందో చూసుకునే తీరిక కూడా ఉండదు.

కొలరాడో మంచుతో ఇంకో చిక్కుంది. సీజన్ మొదట్లో పడిన పల్చటి పొర అడుగున పంచదారలా వదులైపోతుంది. తర్వాత పడే మంచు దాని మీద పలకలా గట్టిపడుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద బండి ఎక్కితే ఆ పలక విరిగి మొత్తం కిందికి జారొచ్చు. చరియ కింద పూర్తిగా కూరుకుపోయిన మనిషికి ఉండేది 10, 15 నిమిషాలే. ఆ తర్వాత బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. ఇది చెప్తే మా నాన్న ఖమ్మం నుంచి ఫోన్‌లో, "2016లో సియాచిన్‌లో మంచు చరియ కింద సైనికుడు హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరకలేదా అమ్మా?" అన్నారు. దొరికాడు నాన్నా, కానీ ఆయనతో ఉన్న తొమ్మిది మందీ పోయారు, మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్‌తో సహా. హనుమంతప్ప కూడా తర్వాత ఢిల్లీ ఆసుపత్రిలో పోయాడు. ఆ ఆరు రోజుల్ని నమ్ముకుని కొండ ఎక్కలేం. పైగా పాస్ మీద చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. శాటిలైట్ మెసెంజర్‌తో కబురు పంపినా రెస్క్యూ వాళ్లు వచ్చేసరికి ఆ పావుగంట ఎప్పుడో అయిపోతుంది. తీయాల్సింది అక్కడున్నవాళ్లే.

ఇక బీకన్ సంగతి. అన్ని కంపెనీల బీకన్లూ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, కాబట్టి ఎవరి దగ్గర ఏ బ్రాండున్నా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ట్రాకర్ ఎస్‌కి మూడు యాంటెన్నాలు. తెర మీద ఒక బాణం, ఒక దూరం అంకె, అంతే. ఇంతకంటే ఎక్కువ సౌకర్యాలున్న ఖరీదైనవి ఉన్నాయి, వాటిలో ఎక్కువ మెనూలూ ఉన్నాయి. ఏడాదికి కొద్దిసార్లు వెళ్లే మాలాంటి వాళ్లకి తెర ఎంత సాదాగా ఉంటే అంత మేలు. ధర 300 డాలర్ల అటూ ఇటూ.

పార్కింగ్ పక్క మైదానంలో మా ఆయన ఒక బీకన్‌ని పాత జాకెట్ల సంచిలో పెట్టి మంచులో పాతేశాడు. వెతకాల్సింది మా తోటికోడలు, తనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. సిగ్నల్ దొరికింది, 38 మీటర్లు. బాణం చూపినట్టు నడిచింది. 41, 44. "అక్కా, అంకె పెరుగుతోందేంటి?" అంది. వెనక్కి తిరగమన్నాను. సిగ్నల్ వంపు తిరిగిన దారిలో వస్తుంది, దానికి రెండు కొసలుంటాయి, మనం తప్పు కొస పట్టుకున్నామన్నమాట. తిరిగాక 30, 19, 8. మూడు మీటర్ల లోపుకి రాగానే పరుగు ఆపి, బీకన్‌ని మంచుకి ఆనించినంత కిందికి దించి, ముందుకీ వెనక్కీ, తర్వాత అడ్డంగా, మెల్లగా జరపాలి. అన్నిటికంటే చిన్న అంకె వచ్చిన చోట ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కర్ర) దింపాలి. పాతిక సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ గుచ్చుకుంటూ పోతుంటే ఒకచోట కర్ర ఆగింది. నేల తగిలితే టక్కుమంటుంది. ఇది మెత్తగా, కాస్త ఎగదన్నినట్టుగా తగిలింది. ఆ తేడా చేత్తో తెలుసుకోవాల్సిందే. కర్రని అక్కడే వదిలేసి, వాలుకి దిగువ వైపు నుంచి తవ్వడం మొదలుపెట్టింది.

తవ్వడమే అన్నిటికంటే ఎక్కువ సమయం తింటుంది. జారి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, కాబట్టి ప్లాస్టిక్ పార పనికిరాదు, మెటల్ పార కావాలి. పార, ప్రోబ్ రెండూ వీపు సంచిలోనే ఉండాలి, బండికి కట్టకండి. చరియ వస్తే బండి ఒక వైపు, మీరొక వైపు.

బీకన్‌ని దాని పట్టీతో జాకెట్ లోపల వేసుకోండి. ఫోన్, బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్, హెల్మెట్ కెమెరా లాంటివి దాని సిగ్నల్‌ని చెడగొడతాయి. మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉంచాలి. స్లెడ్ ఇంజను కూడా అంతే, వెతికే ముందు అన్ని బళ్లూ ఆపేయాలి. బయల్దేరే ముందు మా అన్నయ్య ఒక పక్కన నిలబడి ఒక్కొక్కరినీ ముందు నుంచి పోనిచ్చి, అందరి బీకన్లూ సిగ్నల్ పంపుతున్నాయో లేదో చూస్తాడు. రెండు నిమిషాల పని. అది పూర్తయ్యేదాకా ఎవరూ ఇంజను స్టార్ట్ చేయకూడదు.

ఏ పరికరమూ చేయలేని పని గుంపు చేయాలి. వాలు మీద ఒక్కరే. మిగతావాళ్లు చరియ చేరని చోట, బళ్లు బయటి వైపుకి తిప్పి నిలబడి, కళ్లు ఆ ఒక్కరి మీదే ఉంచాలి. పైన ఎవరైనా ఇరుక్కుంటే సాయానికి ఇంకొకరు బండెక్కి పోకండి. ఇది మన వాళ్లకి మనసొప్పదు, నాకు తెలుసు. అయినా రెండో బండి బరువు అదే వాలు మీద పడితే ఇద్దరూ కింద ఉంటారు. చెట్ల మధ్య వెళ్లేటప్పుడు వెనక మనిషి కనబడకపోతే ఆగి చూడాలి, రాకపోతే వెనక్కి వెళ్లాలి. భుజం పట్టీకి మైకు తగిలించుకునే రేడియోలు తలా ఒకటి ఉంటే ఇదంతా ఎంతో తేలిక.

కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ చలికాలంలో రోజూ మంచు చరియల హెచ్చరిక ఇస్తుంది, ఒకటి నుంచి ఐదు స్థాయిలు. మూడంటే మధ్యస్థమే కదా అని మా మరిది వాదిస్తాడు. మనుషుల వల్ల చరియలు కదిలే అవకాశం బాగా ఉందని దానర్థం. మూడున్న రోజు మేం నిటారు వాలుల జోలికీ, వాటి కింది మైదానాల జోలికీ పోం.

బ్యాటరీలకి ఆల్కలైన్‌వే వేయండి, రీచార్జబుల్‌వి వద్దు. అవి ఛార్జి చూపిస్తూ చూపిస్తూనే ఒక్కసారిగా ఆగిపోతాయి. సీజన్ అయిపోగానే తీసేసి విడిగా పెట్టండి, లోపలే ఉంటే కారి కాంటాక్టులు పాడైపోతాయి.