అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ ఫాంటు: ఫ్లెక్సీకి భేష్, డబ్బా మూతకైతే ఆలోచించండి

లొల్ల లాకుల దగ్గర మా పిన్నికి చిన్న పూతరేకుల కొట్టుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (ఫలానా ఊరి ప్రత్యేకత అనే భౌగోళిక) గుర్తింపు వచ్చాక డబ్బా గ్రాండ్‌గా ఉండాలని పట్టుబట్టింది, రావులపాలెంలో డీటీపీ చేసుకునే నా నెత్తిన పడిందా పని. పేరు ఇంగ్లీషులో కూడా ఉండాలి, కార్లలో వచ్చేవాళ్లు దూరం నుంచే చదవాలి, చూస్తే పాతకాలం సోడా కొట్టు బోర్డు గుర్తు రావాలి. ఇవీ ఆవిడ షరతులు. వెతగ్గా వెతగ్గా ఈ ఫాంటు దొరికింది.

టైప్‌టుగెదర్ అనే సంస్థది. గీసినవాళ్లు వెరోనికా బురియన్, హోసే స్కాలియోనె. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, ఫ్రాన్స్ పోస్టర్ల మీద ఉండే లావు అక్షరాలు దీనికి మూలం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. నిలువు గీత కొబ్బరి దుంగలా ఉంటుంది, దాన్ని అంటుకుని ఉన్న సన్న గీత మాత్రం అచ్చం పూతరేకే. చిన్న 'ఆర్' చివర చూడండి, పెయింటర్ కుంచె నొక్కి వదిలేసినట్టు గుండ్రంగా ఒక బొట్టు, నాకు ఫాంటు మొత్తంలో నచ్చింది అదే. పదడుగుల ఫ్లెక్సీ మీద వేస్తే కాలవ అవతలి గట్టు నుంచి కూడా చదవొచ్చు.

డబ్బా దగ్గరే దెబ్బ తిన్నాను. మెరూన్ రంగు మీద తెల్లక్షరాలు రివర్స్‌లో (అంటే చుట్టూ రంగు వేసి అక్షరాల చోటు ఖాళీగా వదిలేసి), 18 పాయింట్ల సైజులో, అన్నీ క్యాపిటల్స్ ఇచ్చాను. ఇంకు పాకి సన్న గీతలన్నీ పూడుకుపోయాయి. క్యాపిటల్ 'యు'కి ఎడమ కాలు లావు, కుడి కాలు సన్నం కదా, ఆ కుడి కాలు కాస్తా మాయమై 'యు' వెళ్లి 'ఎల్' అయి కూర్చుంది. PUTHAREKULU అని రాస్తే 'యు'లు మూడు! పిన్ని మూత చూసి "ఒరేయ్, ప్ల్తరేక్ల్ల్ ఏంట్రా?" అంది. ప్రెస్సు అబ్బాయేమో "ఆయ్, మీ ఫాంటే అంతండి" అన్నాడు. తప్పు నాదే, ఒక్క ప్రూఫ్ (నమూనా ప్రింటు) తీసి చూసుకుంటే 500 డబ్బాలు మిగిలేవి.

రెండోసారి సైజు 40 పాయింట్లకి పెంచి, అక్షరం చుట్టూ తెల్లటి సన్న అవుట్‌లైన్ ఇచ్చాను. శుభ్రంగా వచ్చింది. చిరునామా, ధర, తయారీ తేదీ లాంటి చిన్న అక్షరాలకి దీని జోలికి అస్సలు పోకండి.

ఇందులో తెలుగు లేదు. జతగా రామభద్ర అనే తెలుగు ఫాంటు పెట్టాను, లావుకి లావు సరిపోయింది గానీ అందులో గీత అంతా ఒకే మందం, అబ్రిల్‌లో ఉండే లావు సన్నాల ఒయ్యారం దానికి లేదు, కాస్త అన్నదమ్ముల పిల్లల్లా ఉన్నాయి రెండూ. పిన్నికేం తేడా తెలియలేదు.

ఇంకోటి, ఈ ఫాంటులో ఒకటే వెయిటు, అంటే అక్షరం లావు ఒకటే రకం. ఇంకా లావు కావాలని సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్ బటన్ నొక్కితే లోపలి ఖాళీలు మూసుకుపోయి ముద్దవుతుంది. ప్రెస్సుకి పంపే ముందు కర్వ్స్ చేసి (అక్షరాల్ని బొమ్మ గీతలుగా మార్చి) పంపండి, లేదంటే వాళ్ల సిస్టంలో ఈ ఫాంటు లేక దీని జాగాలో ఇంకేదో వచ్చి కూర్చుంటుంది.