ట్రిప్పు లెక్కా, నెల జీతమా, వంతులా? లారీ డ్రైవరు దేనితో నిలబడతాడు

రెండేళ్ల కిందట విజయనగరం పైడితల్లి సిరిమాను పండగ ముందురోజు రాత్రి ఫోన్ మోగింది. "బాబూ, బండి ఇచ్చాపురం బంకులో పెట్టీసినాను. తాళాలు బంకు కుర్రోడి కాడున్నాయి. నాను బస్సెక్కీసినాను." అంతే, పెట్టేశాడు. మూడేళ్లుగా నా దగ్గర లారీ డ్రైవరుగా చేస్తున్న మనిషి. నా అడ్వాన్సు ఇంకా ఇరవై వేలు అతని మీద ఉంది. ముందురోజే చెన్నై నుంచి వచ్చాడు. ఇంటి గడప తొక్కనివ్వకుండా, ఇంకొక్క ట్రిప్పు అని బతిమాలి కోల్‌కతా లోడు ఎక్కించాను. పైడితల్లి పండక్కి విజయనగరం మనిషిని ఒరిస్సా దాటించాలని చూశాను. తప్పు నాదే.

ఆ తర్వాత నా నాలుగు లారీల మీద మూడు పద్ధతులూ నడిపి చూశాను. డ్రైవర్లు దొరకడం లేదని శ్రీకాకుళం, సాలూరు వైపు ఓనర్లు కూడా రోజూ అడుగుతున్నారు కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

మొదటిది ట్రిప్పు లెక్క. ఈ ఊరికింత అని మొత్తం మాట్లాడేస్తాం. డీజిల్, దారి ఖర్చు, కూలి అన్నీ అందులోనే. మిగిలింది డ్రైవరుది. ఓనరుకి తలనొప్పి తక్కువ, చురుకైన డ్రైవరుకి నాలుగు రూపాయలు ఎక్కువ. చేరేటప్పుడు కుర్రాళ్లు దీన్నే ఇష్టపడతారు, వెళ్లిపోయేదీ దీనివల్లే.

ఎందుకంటే బండి కదిలితేనే డబ్బు. ఫ్యాక్టరీ గేటు ముందు అన్‌లోడింగ్ కోసం రెండు రోజులు ఆగితే? హమాలీలు రాలేదంటారు, కాటా పాడైందంటారు, గోడౌన్ నిండిపోయిందంటారు. ఆ రెండు రోజుల తిండి డ్రైవరు జేబులోంచే పోతుంది. స్నానానికి చోటుండదు. సరుకు పోతుందని బండి వదిలి కదలలేడు. సరుకు యజమాని ఆగిన రోజులకు మనకి ఏమైనా కట్టినా, అది డ్రైవరు దాకా వెళ్లదు. నేనూ ఏళ్ల తరబడి ఇవ్వలేదు. నా దగ్గర మానేసినవాళ్లలో జీతం చాలలేదన్నవాళ్లకంటే "గేటు కాడ పడిగాపులు పడలేం బాబూ" అన్నవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి ప్రాణాల మీదికి వచ్చేది. సాలూరు దాటి సుంకి, కోరాపుట్ వైపు ఘాట్ రోడ్డు సంగతి ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగిలిన డీజిల్ తనదే అనుకున్న డ్రైవరు దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్‌లో వదులుతాడు. ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తే లోడు బండిని ఆపడం ఎవరి తరమూ కాదు. ఘాట్ రూటుకి ట్రిప్పు లెక్క పెట్టొద్దని ఓనర్లందరికీ చేతులెత్తి మొక్కి చెబుతున్నాను.

రెండోది నెల జీతం, పైన రోజు బత్తా. బండి ఆగినా జీతం ఆగదు, బత్తా ఆగదు. ఇంట్లో ఆడవాళ్లకి నెలకింత వస్తుందని తెలుస్తుంది, చీటీ కట్టుకోగలరు, పిల్లల ఫీజు కట్టగలరు. ఓనరు భయమల్లా మనిషి నెమ్మదిస్తాడని. నెమ్మదిస్తాడు, నిజమే. కానీ సర్కారు లెక్కా నిదానమే. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లుకి గడువు ఇచ్చేటప్పుడు మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క కడతారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, అయిదు గంటలకొకసారి కనీసం అరగంట విరామం అని రాసింది. మనం మాత్రం శ్రీకాకుళంలో ఎక్కినవాడు మర్నాటికి విజయవాడ దాటి ఎంత దూరం పోయాడని అడుగుతాం. డీజిల్‌కి నేను బండికింత మైలేజీ అని గీత పెట్టి, అంతకంటే మిగిల్చితే సగం ఇస్తాను, ఘాట్ ట్రిప్పులకు తప్ప.

పైడిభీమవరం ఫ్యాక్టరీల నుంచి విశాఖ పోర్టుకి తిరిగే బండ్లకి ఈ పద్ధతి చాలు. డ్రైవరు దాదాపు రోజూ రాత్రికి ఇల్లు చేరతాడు. ఆ బండి మీద ఉన్న మనిషి నా దగ్గర మారనే లేదు.

దూరం బండ్లకి మాత్రం జీతం ఒక్కటే చాలలేదు. అక్కడే మూడో పద్ధతి మొదలుపెట్టాను: రెండు లారీలకి ముగ్గురు డ్రైవర్లు. ఒక్కొక్కరు నెలలో ఇరవై రోజులు రోడ్డు మీద, పది రోజులు ఇంటి దగ్గర. మూడిరవైలు అరవై, రెండు బండ్లకీ ముప్ఫయ్యేసి రోజులు. నెల జీతం ముగ్గురికీ పూర్తిగా ఇవ్వాలి కాబట్టి బండికి సగం జీతం అదనం. బత్తా నడిచిన రోజులకే కాబట్టి పెరగదు. బదులుగా డ్రైవరు ఊరెళ్లాడని బండి షెడ్డులో నిలబడి కిస్తీ మాత్రం పరిగెత్తడం తప్పింది. నా వరకు ఆ రెండూ దాదాపు సరిపోయాయి.

దీనికీ లోపముంది. "నా బండి" అన్న మాట పోతుంది. టైరు అరిగితే ముందటివాడి మీద, జాకీ పోతే తర్వాతివాడి మీద చెప్పుకుంటారు. అందుకే అప్పగింత పుస్తకం పెట్టాను: టైర్ల నంబర్లు, బ్యాటరీ, టార్పాలిన్ పట్టాలు, తాళ్లు, ట్యాంకులో డీజిల్. ఇద్దరూ సంతకం పెట్టాకే తాళాలు చేతులు మారతాయి.

రివిగో అనే కంపెనీ దేశంలో డ్రైవర్ల రిలే నడిపింది. కొన్ని గంటలు నడిపి దారిలో బండి ఇంకొకరికి అప్పగించి, ఎదురొచ్చే బండి తీసుకుని డ్రైవరు ఇంటికి వచ్చేస్తాడు. వందల బండ్లుంటే అది బంగారంలాంటి పద్ధతి. నాలుగు బండ్లవాడికి నప్పదు.

అడ్వాన్సు ఇచ్చి కట్టేయడం గురించి ఒక్క మాటే చెబుతాను. ఇచ్చాపురం బంకులో నా బండి నిలబడ్డ రోజున ఆ ఇరవై వేలు ఎవరినీ ఆపలేదు. దాని బదులు ప్రమాద బీమా, జీవిత బీమా కట్టండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి 436. ఒక్కోదానికి రెండు లక్షలు. డ్రైవరు బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతాయి, ఆ 456 మీరు వేస్తే చాలు.

కొత్తవాళ్లు రాకపోవడం వేరే కథ. రవాణా బండి లైసెన్సుకి 20 ఏళ్లు నిండాలి, అంతకుముందే ఏడాదిపాటు కారు లైసెన్సు ఉండాలి. ఒకప్పుడు ఆ ఎదిగే కాలమంతా క్లీనరుగా గడిచేది. బత్తా మిగుల్చుకుందామని క్లీనరుని మనమే తీసేశాం. ఇప్పుడు ఆ వయసు కుర్రాడు హైదరాబాద్ వెళ్లి కారు నడుపుతున్నాడు, రాత్రికి గదికొచ్చి పడుకుంటున్నాడు. పెళ్లి సంబంధాల దగ్గర కూడా లారీ అంటే వెనకడుగు వేస్తున్నారు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది, మంచిదే. కానీ పిల్లనిచ్చే మామ అడిగేది ఏసీ గురించి కాదు, ఇంటికి ఎప్పుడొస్తాడని.

కాబట్టి నా లెక్క ఇది: దగ్గరి రూట్లకు నెల జీతం, ఘాట్‌కి నెల జీతమే, చెన్నై, కోల్‌కతాలకు వంతులు. ట్రిప్పు లెక్క తప్పనిసరైతే, ఆగిన ప్రతి రోజుకీ బత్తా ఇస్తానని ముందే కాగితం మీద రాయండి.

మా షెడ్డు గోడకి ఇప్పుడో క్యాలెండరు ఉంది. సిరిమాను, సంక్రాంతి, శంబర పోలమాంబ జాతర, ఎవరి ఊరి పండగ వారికి ముందే గీసి ఉంటుంది. ఇచ్చాపురంలో బండి వదిలేసిన మనిషి పోయిన ఏడాది తిరిగి వచ్చాడు. ముందుగా క్యాలెండరు దగ్గరికి వెళ్లి, తన పది రోజులు ఎక్కడున్నాయో చూసుకుని, అప్పుడు తాళాలు అడిగాడు.