వర్డ్‌లో పేరాలు జరపడానికి ఏది మేలు: కట్-పేస్టా, వేరే దారులా?

రాసిన పేరాను పైకో కిందికో జరపాలంటే మన చేతులు కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ వీ వైపే పోతాయి. కానీ కట్ చేశాక, పేస్ట్ చేసేలోపు ఆ మాటలు పేజీ మీద ఉండవు. మధ్యలో ఇంకేదైనా కాపీ చేశామా, పేస్ట్ కొడితే అదే వచ్చి పడుతుంది. నాకు ఆ టెన్షన్ అసలు పడదు.

అందుకే పేరా దగ్గర్లోకే జరగాలంటే నా ఓటు ఆల్ట్, షిఫ్ట్, బాణం కీలకు. సెలెక్ట్ చేసే పనే లేదు. కర్సర్ పేరాలో ఎక్కడున్నా చాలు, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి ఉంచి పై బాణం కొడితే పేరా మొత్తం ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. టేబుల్‌లో వరుసలనూ ఇలాగే జరపవచ్చు. వర్డ్ లాంటిదే అయిన ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ రైటర్‌లో అయితే కంట్రోల్, ఆల్ట్, బాణం.

ఒక్క వాక్యమే జరగాలంటే ఎఫ్2 మేలు. వాక్యాన్ని సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కితే, ఎక్కడికి జరపాలని కింద స్టేటస్ బార్‌లో అడుగుతుంది. కావలసిన చోట క్లిక్ చేసి ఎంటర్ కొట్టాలి. అప్పటిదాకా వాక్యం ఉన్నచోటే ఉంటుంది, క్లిప్‌బోర్డులో (కాపీ, కట్ చేసినవి నిలిచే చోటులో) ముందు దాచుకున్నదీ చెదరదు. మనసు మారితే ఎస్కేప్. ఇంత మంచి కీని ఎక్కువమంది ముట్టుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దీనికి ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి.

నాలుగైదు చోట్ల చెదిరి ఉన్న ముక్కలను ఒకచోటికి చేర్చడానికి మాత్రం వీటిలో ఏదీ వర్డ్‌లోనే ఉన్న స్పైక్ అనే సదుపాయానికి సాటిరాదు. పాత ఆఫీసుల్లో కాగితాలు గుచ్చే మేకు పేరే దీనికి పెట్టారు. ఒక్కో ముక్కనూ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎఫ్3 కొడుతూ పోతే, అన్నీ తీసిన వరుసలోనే పోగవుతాయి. చివర్లో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కొడితే ఒక్కసారిగా దిగి, స్పైక్ ఖాళీ అవుతుంది. ముక్క అసలు చోటా ఉండాలంటే, తీసిన వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టండి. అది తన చోటికి తిరిగొస్తుంది, స్పైక్‌లోనూ ఉంటుంది.

అధ్యాయాలకు అధ్యాయాలే మార్చాలంటే పక్కన శీర్షికల జాబితా చూపే నావిగేషన్ పేన్ తెరిచి శీర్షికను పట్టి లాగండి, దాని కిందిదంతా వెంట వస్తుంది. అయితే శీర్షికలకు హెడింగ్ స్టైల్ ముందే పెట్టి ఉండాలి. అక్షరాలను ఊరికే బోల్డ్ చేసి వదిలేస్తే పేన్‌లో అవి కనిపించవు.