బయోమాలిక్యూల్స్ టెస్ట్ కిట్ రివ్యూ: కొనొచ్చు, కానీ లోపలున్న కాగితాన్ని నమ్ముకోకండి

మా ట్యూషన్లో టెన్త్ పిల్లలకీ ఇంటర్ ఫస్టియర్ బైపీసీ పిల్లలకీ చూపిద్దామని ఆన్‌లైన్లో ఈ కిట్ తెప్పించాను. జీవకణాల్లో ఉండే పదార్థాల్ని రంగుని బట్టి గుర్తుపట్టే కిట్ అన్నమాట, రేటు వెయ్యి లోపే. పిండిపదార్థానికి అయోడిన్, చక్కెరలకి బెనెడిక్ట్ ద్రావణం, ప్రోటీన్లని చూసే బైయూరెట్ పరీక్షకి కాపర్ సల్ఫేట్ ఒక సీసా, సోడియం హైడ్రాక్సైడ్ ఒక సీసా, టెస్ట్ ట్యూబులు, డ్రాపర్లు, హోల్డరు, మడతపెట్టిన ఇన్‌స్ట్రక్షన్ కాగితం ఒకటి. బయోమాలిక్యూల్స్ చాప్టర్ అనగానే పిల్లలు ఫార్ములాలు బట్టీ పట్టడం మొదలెడతారు, అవన్నీ పొద్దున తిన్న ఇడ్లీలో ఉన్నాయని వాళ్ళకి తట్టదు, ఆ ఒక్కటి కళ్ళారా చూపించినందుకే ఈ కిట్‌కి పెట్టిన డబ్బులు దండగ కాలేదంటాను.

అయోడిన్ సీసా చాలా బాగుంది. గంజిలో రెండు చుక్కలు వేస్తే ముదురు నీలం, దాదాపు నలుపు. ఆ ట్యూబుని వేడినీళ్ళలో పెడితే రంగు పోతుంది, చల్లారితే మళ్ళీ వస్తుంది. పిండిపదార్థంలోని అమైలోజ్ గొలుసు స్ప్రింగులా మెలితిరిగి ఉంటుంది, దాని మధ్యలోకి అయోడిన్ దూరితేనే ఆ నీలం, వేడికి ఆ మెలిక సడలిపోతుంది. కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు!

నేనైతే నమిలిన అన్నంతో మొదలెట్టమంటాను. మామూలు అన్నం మెత్తగా నలిపి నీళ్ళలో కలిపితే అయోడిన్‌కి నీలం వస్తుంది, బెనెడిక్ట్‌తో వేడి చేస్తే పెద్దగా మార్పుండదు. అదే అన్నం బాగా నమిలి కాసేపు గోరువెచ్చగా ఉంచండి, నీలం పలచబడుతుంది, బెనెడిక్ట్‌లో ఆకుపచ్చ దాటి నారింజలోకి వెళ్తుంది. లాలాజలంలో ఉన్న అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా కోసేసిందన్నమాట. ఎంజైమ్ కూడా ప్రోటీనే కదా, అంటే ఒక బయోమాలిక్యూల్ ఇంకోదాన్ని కొయ్యడం పిల్లలు ట్యూబులో చూస్తున్నారు, ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను.

ఇక బెనెడిక్ట్ దగ్గరే కాగితం ముంచేసింది. "చక్కెర ఉంటే ఎర్రగా మారును" అని ఒక్క లైన్ రాసి వదిలేశారు. పిల్లలు ముందుగా పట్టుకొచ్చేది పంచదారే కదా, అది వేడి చేసినా నీలంగానే ఉంటుంది, కిట్ పాడైందనుకుంటారు. కిట్ పాడవలేదండీ. పంచదార, అంటే సుక్రోజ్‌లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ రియాక్షన్ జరగాల్సిన కొసల దగ్గరే అతుక్కుని ఉంటాయి, బెనెడిక్ట్‌లో ఉన్న కాపర్‌ని మార్చడానికి ఖాళీ కొస ఉండదు. సజల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో మరిగించి విడగొట్టి, వంటసోడాతో యాసిడ్‌ని చంపి అప్పుడు చెయ్యండి, ఇటుక రంగు వస్తుంది. యాసిడ్ బదులు నిమ్మరసం పిండకండి, దాంట్లోనే కొంచెం గ్లూకోజ్ ఉంటుంది కాబట్టి ఏది దేనివల్ల వచ్చిందో తేలదు. తేనె, పాలు అయితే నేరుగా పనిచేస్తాయి. మన పెద్దవాళ్ళకి ఈ ద్రావణం బాగా తెలుసు, ఒకప్పుడు షుగర్ పేషెంట్ల మూత్రాన్ని దీంతోనే చూసేవాళ్ళు.

బైయూరెట్‌కి కోడిగుడ్డు తెల్లసొన, నానబెట్టి రుబ్బిన పెసరపప్పు నీళ్ళు రెండూ వాడాం, చక్కటి వంగపండు రంగు. కాగితంలో రెండు సీసాలూ సమానంగా పొయ్యమన్నారు, అలా చెయ్యొద్దు. ముందు సోడియం హైడ్రాక్సైడ్, తర్వాత కాపర్ సల్ఫేట్ చుక్క చుక్కగా. ఎక్కువైతే దాని నీలమే వంగపండు రంగుని కప్పేస్తుంది. హైడ్రాక్సైడ్ సీసా మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కళ్ళల్లో పడితే చాలా ప్రమాదం, ఇందులో కళ్ళద్దాలు పెట్టలేదు, విడిగా కొన్నాను.

కొవ్వులకి వేరే సీసా లేదు, పర్లేదు, వేరుశనగ గింజ కాగితం మీద నలిపితే నీటి మరక ఆరిపోతుంది నూనె మరక ఉండిపోతుంది. నీటికి కూడా ఏమీ లేదు, కణం బరువులో 70 శాతం పైన నీళ్ళే ఉంటే దాని ఊసే ఎత్తకపోవడం ఏంటి? పొడి ట్యూబులో కొత్తిమీర వేసి వేడిచేస్తే పైన చల్లటి గోడకి చుక్కలు పడతాయి, చాలు.

నాకు నిజంగా బాధేసింది న్యూక్లిక్ యాసిడ్ల దగ్గర, అంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏ దగ్గర. అట్ట మీద డీఎన్ఏ బొమ్మ ఉంది, లోపల దానికి సంబంధించింది ఏమీ లేదు. న్యూక్లిక్ యాసిడ్లలో ఉండే ఫాస్ఫరస్‌ని చూపించే పరీక్షకి మాలిబ్డేట్ సీసా పెట్టి ఉంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పి మరీ చేయించేదాన్ని. తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని నీలం రంగుతో కొలిచే పద్ధతి ఇచ్చి, ఆ దారిలోనే 1929లో కణాలకి శక్తినిచ్చే ఏటీపీని పట్టుకున్న మనిషి ఆయన. డీఎన్ఏ మాత్రం అరటిపండు, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్, ఫ్రిజ్‌లో పెట్టిన సర్జికల్ స్పిరిట్‌తో ఇంట్లోనే తీశాం. తెల్లటి దారాల్లా పైకొస్తుంది, అందులో ఆర్ఎన్ఏ, పెక్టిన్, ప్రోటీన్లు కూడా కలిసే ఉంటాయని పిల్లలకి చెప్పండి.

కాగితం ఇంగ్లీషు, హిందీలోనే ఉంది, తెలుగు మీడియం పిల్లల కోసం నేనే రాసిచ్చాను. అయోడిన్ మూత లీకవుతోంది, కవర్లో పెట్టి నిలబెట్టి ఉంచండి. 5కి మూడున్నర ఇస్తాను. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చోగలిగితే ఎనిమిదో క్లాసు నుంచి కొనొచ్చు, లేదంటే వద్దు.