ఆటోనగర్ షాపులో కొన్న ఆర్గాన్ మిక్స్: ఆరు వారాలు వాడాక

కావలిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఈ ఏడాది ఫైనలియర్ వాళ్లతో అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను పట్టే ట్యూబ్ చేయించాను. అంగుళం అల్యూమినియం గొట్టం, మధ్యలో వెంట్రుకంత టంగ్‌స్టన్ తీగ. అందులోకి ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ 80:20 పాళ్లలో కావాలి. నెల్లూరు ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ గ్యాస్ షాపులో దొరికింది. మిగ్ వెల్డింగ్‌కు ఇచ్చే సిలిండరే.

అడగ్గానే పాళ్లు రాసిన సర్టిఫికెట్ ఇచ్చారు. నాకు అదే ముఖ్యం. కిరణం తగిలితే ఆర్గాన్ నుంచి ఎలక్ట్రాన్లు ఊడి తీగ వైపు పోతాయి, అక్కడ చిన్న కరెంటు పల్సు పుడుతుంది. అప్పుడు పుట్టే అతినీలలోహిత కాంతిని కార్బన్ డయాక్సైడ్ మింగేసి స్పార్కు రాకుండా కాస్తుంది. పాళ్లు మారితే తీగకు ఇచ్చే ఓల్టేజి మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఇంతకుముందు వేరేచోట కాగితం లేని సిలిండర్ కొని నెల పోగొట్టుకున్నాం.

మొదటి వారం పల్సులు చాలా చిన్నగా వచ్చాయి. పిల్లల మొహాలు చూడలేక సామానంతా షాపుకు తీసుకెళ్లాను. అక్కడ పనిచేసే పెద్దాయన మా సిలికాన్ పైపును వేళ్లతో నొక్కి చూశాడు. "ఈ మెత్త పైపు వద్దు సార్. గాలి లోపలికి పోతా ఉంటుంది. దీంతో స్టీలు వెల్డింగ్ కొడితే అతుకు నల్లబడతాది" అన్నాడు. నిజమే. ఆ గాలిలోని ఆక్సిజనే మా ఎలక్ట్రాన్లను తీగ దాకా రానీకుండా పట్టేసుకుంటోంది. ఫ్రిజ్‌కు వాడే రాగి పైపు వేసి, ప్రతి నట్టుకూ సబ్బునీళ్లు పూసి చూపించాడు. ఆ సాయంత్రమే పల్సులు చూపించే ఆసిలోస్కోపు తెర మీద పల్సు నిటారుగా లేచింది. పిల్లల కేకలకు పక్క క్లాసు వాళ్లు కూడా వచ్చారు.

కెనడాలో 2 కిలోమీటర్ల లోతు గనిలో, 140 సెంటీమీటర్ల రాగి గోళంలో నియాన్, మీథేన్ లాంటి వాయువులు నింపి డార్క్ మ్యాటర్ (కంటికి కనబడని పదార్థం) కోసం వెతుకుతున్నారు. వాళ్లకూ ఆక్సిజన్‌తో ఇదే పోరు. అలాంటి పనికి మాత్రం ఈ సిలిండర్ చాలదు. గాలి నుంచి తీసిన ఆర్గాన్‌లో రేడియోధార్మిక ఆర్గాన్-39 ఉంటుంది, కిలోకు సెకనుకు సుమారు ఒక పరమాణువు క్షయమవుతుంది. అందుకే కొందరు అది బాగా తక్కువగా ఉండే ఆర్గాన్‌ను భూగర్భం నుంచి తీసుకుంటున్నారు. మా క్లాసుకు ఇది నిక్షేపంలా సరిపోయింది.

ఒక్క లోటు: షాపు వాళ్లిచ్చే ఫ్లోమీటరు (గ్యాస్ ఎంత పోతోందో కొలిచేది) నిమిషానికి లీటర్ల లెక్క. మాకు గంటకు రెండు లీటర్లు చాలు. సన్నగా తిప్పుకునే నీడిల్ వాల్వు విడిగా కొనుక్కోండి. బయటికిపోయే గొట్టాన్ని నూనె సీసాలో ముంచి బుడగలు లెక్కపెట్టుకోవచ్చు. షాపు ఆదివారం ఉండదు.