గోదావరి ఉక్కపోతలో నూలు కిల్ట్: రోజువారీ వాడకంపై ఒక సమీక్ష

పంచె, లుంగీ రోజూ కట్టే ఊళ్ళలో నడుముకు చుట్టుకునే బట్ట ఎవరికీ వింత కాదు. స్కాట్లండ్ మగవారు నడుముకు చుట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే కుచ్చుల దుస్తు అయిన కిల్ట్‌ను కోనసీమలో వేసుకుని తిరగాలనుకునే వారిని నలుగురి చూపు కన్నా ఇక్కడి ఉక్కపోత, ఉప్పు గాలి, వానాకాలపు చెమ్మే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఆన్‌లైన్‌లో ‘క్యాజువల్ కిల్ట్’ పేరుతో అమ్ముతున్న ఒకదాన్ని తెప్పించుకుని వేసవిలోనూ వానల్లోనూ వాడాను. తరువాత అమలాపురంలో ఒక దర్జీ చేత మరొకటి కుట్టించుకున్నాను. ఈ రెండింటి అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. బట్ట ఏమిటి, వెనుక కుచ్చులను ఎంత కిందివరకు కుట్టారు అన్న రెండు విషయాలే కిల్ట్ ఎంపికలో ముఖ్యమని నా నిశ్చితాభిప్రాయం. గళ్ళ డిజైను, జేబులు, గొలుసులు ఆ తరువాతే చూడాలి.

సంప్రదాయ కిల్ట్‌కు దాదాపు 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది, బరువు రెండు కిలోల దాకా తూగుతుంది. చలిలో, చినుకుల్లో కొండలెక్కేవారికి అది హాయినిస్తుందేమో గాని, మే నెలలో రావులపాలెం బస్టాండులో నిలబడేవారికి శిక్షే అవుతుంది. చవకగా దొరికే గళ్ళ కిల్ట్‌లలో చాలావరకు అక్రిలిక్‌తో నేసినవి. అవి చెమట పీల్చవు, తొడలకు అంటుకుంటాయి. పాలియెస్టర్, విస్కోస్ కలిపి నేసిన బట్ట ముడతలు పడదు, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. ఏసీ గదిలో పనిచేసేవారికి అది చాలు. ఎండలో తిరిగేవారికి మాత్రం డ్రిల్లు అనే, ఏటవాలు గీతలు కనిపించే మందపాటి నూలు నేతను మించినది లేదు. 2000 సంవత్సరంలో అమెరికాలోని సియాటెల్‌లో మొదలైన యుటిలికిల్ట్స్ సంస్థ ఇటువంటి దళసరి నూలు బట్టతో, పక్కన పెద్ద జేబులతో కిల్ట్‌లు కుట్టి, పనిలో వేసుకునే దుస్తుగా దానికి పేరు తెచ్చింది. ఇప్పుడు కనిపించే జేబుల కిల్ట్‌లలో చాలావాటికి ఆ పోలికే ఉంది.

నూలు అన్నాం కదా అని పలుచటి బట్ట తీసుకోకూడదు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య నది దాటించే పంటు మీద నిలబడితే గోదావరి పాయ వశిష్ఠ మీదుగా వచ్చే గాలి బట్టలో నాణ్యతను ఇట్టే తేల్చేస్తుంది. డ్రిల్లు కిల్ట్ వెనుక కుచ్చులు ఆ గాలికి కాస్త విచ్చుకుని, తమ బరువుతో తామే మళ్ళీ వరుసలోకి వచ్చాయి. పక్కన ఉన్నవారు లుంగీలు ఒడిసిపట్టుకుని నిలబడినా, నేను రెండు చేతులూ వదిలేసి నిలబడగలిగాను. బండారులంక మగ్గాల మీద నేసే చీరల బట్ట నాకెంతో ఇష్టం, కాని ఆ మెత్తని నూలుకు కుచ్చు నిలవదు. మన నేతగాళ్ళు లావు నూలుతో దళసరి గళ్ళ బట్ట నేసి ఇస్తే ఆనందంగా కొంటాను.

ఇక కుచ్చుల సంగతి. కిల్ట్ ముందు భాగంలో రెండు చదునైన పలకలు ఒకదాని మీద ఒకటి వస్తాయి, మగవారికి పై పలక కుడి పక్కన బిగుస్తుంది. మిగిలిన బట్టంతా వెనుక కుచ్చులుగా పోతుంది. ఆ కుచ్చులను నడుము నుంచి పిరుదుల అత్యంత వెడల్పైన చోటు వరకు కుట్టి, అక్కడి నుంచి కిందికి వదిలేయాలి. పైగా ప్రతి కుచ్చూ నడుము దగ్గర కొంచెం సన్నగా, కింద కొంచెం వెడల్పుగా ఉండాలి. ఒక్కో కుచ్చుకు అంగుళంలో ఎనిమిదో వంతు తేడా ఇచ్చినా నడుము దగ్గర వంపు చక్కగా కుదురుతుంది. నేను తెప్పించినదానిలో కుట్టు రెండు మూడు అంగుళాలతోనే ఆగిపోయింది. అందువల్ల వెనుక భాగం గొడుగులా విచ్చుకుని, కూర్చుని లేచినప్పుడల్లా కుచ్చులు చెదిరిపోయేవి. కొనే ముందు వెనుక నుంచి తీసిన ఫొటో అడిగి ఆ కుట్టు ఎక్కడిదాకా వచ్చిందో చూడడం తప్పనిసరి. ఆ ఫొటో పంపని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

నన్ను బాధపెట్టిన రెండో లోపం కిల్ట్‌ను నడుము దగ్గర బిగించే పట్టీలది. తోలు పట్టీలకు ఆషాఢం ముగిసేలోపే బూజు పట్టింది. టిచ్ బటన్లు తుప్పు పట్టి, బట్ట మీద ఎర్రటి మరకలు వదిలాయి. సముద్రానికి దగ్గరగా ఉండేవారు కాన్వాస్ పట్టీలు, ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు బకిళ్ళు ఉన్నదే ఎంచుకోవాలి. ఫిర్యాదు చేస్తే అమ్మినవారు బటన్లు మార్చి పంపుతామన్నారు గాని పంపలేదు.

కొలతకు ప్యాంటు సైజు పనికిరాదు. సంప్రదాయ కిల్ట్ బొడ్డు దగ్గర బిగుస్తుంది. ఆధునికమైనవి చాలావరకు ప్యాంటు నిలిచే చోట నిలుస్తాయి. ఏది ఎక్కడ నిలుస్తుందో తెలుసుకుని, అక్కడే టేపు పెట్టి కొలవాలి, పిరుదుల చుట్టుకొలత వేరుగా తీసుకోవాలి. పొడవు తెలుసుకోవాలంటే మోకాళ్ళ మీద నిటారుగా నిలవాలి. అంచు నేలకు ఒక అంగుళం పైన ఉంటే సరిపోయినట్టు.

మన దగ్గర కుట్టించుకోవడమే మేలని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. బడిపిల్లల యూనిఫాం స్కర్టులు కుట్టే దర్జీకి బాక్సు కుచ్చులు, అంటే రెండు పక్కలకూ మడిచిన వెడల్పాటి కుచ్చులు, కొత్త కాదు. 18వ శతాబ్ది చివరినాటి కుట్టు కిల్ట్‌లు కూడా సుమారు 4 గజాల బట్టతో, బాక్సు కుచ్చులతోనే ఉండేవి కాబట్టి, దీన్ని తక్కువరకం అనుకోనక్కర్లేదు. 58 అంగుళాల పన్నా డ్రిల్లు రెండున్నర మీటర్లు కొని, పొడవునా రెండుగా చీల్చి జతచేస్తే 5 మీటర్లు వస్తుంది; అతుకు కుచ్చు లోపలికి పోయి పైకి కనబడదు. చీల్చే ముందు బట్టను రాత్రంతా నానబెట్టి ఆరవేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. పిరుదుల దాకా కుట్టాలని మా దర్జీకి ఒక్కసారి గీసి చూపిస్తే చాలింది. “ఇంతేనాండీ, ఇది మా పనే కదండీ” అని తీసుకున్నారు, తెప్పించినదాని కన్నా చక్కగా కుట్టి ఇచ్చారు.

ఉతికే ముందు కుచ్చుల అంచులకు పొడుగు టాకాలు వేస్తే ఆరాక మడతలు వెతుక్కునే పని ఉండదు. పలుచటి గంజి పెట్టి, టాకాలు తీయకుండానే ఇస్త్రీ చేయిస్తే కుచ్చు కత్తి అంచులా నిలుస్తుంది. వెనుక బట్ట పొరలు పొరలుగా ఉండడం వల్ల వానాకాలంలో ఒక్క పూటలో ఆరదు, నడుము పట్టీకి క్లిప్పులు పెట్టి గాలాడే చోట వేలాడదీయాలి. వానల్లో రోజూ వేసుకోవాలంటే రెండు కిల్ట్‌లు ఉండాల్సిందే.

చేల గట్ల మీద, రొయ్యల చెరువుల గట్ల మీద నడిచేవారికి ఇది బాగా నచ్చుతుంది. ఎగగట్టే పని లేదు, జారదు, ఫోనూ తాళాలూ జేబుల్లో ఉంటాయి. కుర్చీలో కూర్చునేటప్పుడు వెనుక కుచ్చులను అరచేత్తో కిందికి సర్దుకుని కూర్చోవడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. బంతి భోజనంలో మాత్రం కిల్ట్ ఓడిపోతుంది; బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మోకాళ్ళు బయటపడి, ముందు పలక విడిపోతుంది. పెళ్ళి పందిట్లో నేలమీద విస్తరి ముందు కూర్చోవలసి వస్తే పంచె కట్టుకు వెళ్ళడమే మర్యాద. బైకు నడిపేవారు లోపల నిక్కరు తప్పక వేసుకోవాలి. గాలికి పై పలక లేవకుండా కింది మూలన బరువైన పిన్ను పెట్టుకోవచ్చు గాని, దాన్ని పై పలకకే గుచ్చాలి. రెండు పలకలూ కలిపి గుచ్చితే కాలు చాపగానే బట్ట చిరుగుతుంది.